ఆకాశం చెప్పే కరువు లెక్కకు ఆధారం

ఉపగ్రహం పంపే ప్రతి అంకె ఒక కొలత. కిరాణా కొట్టులో కిలో రాయి మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంటుంది. ఆ ముద్రను పట్టుకుని మెట్టుమెట్టుగా వెనక్కి వెళితే న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్న ప్రమాణాన్ని చేరుకోవచ్చు. ఉపగ్రహం కొలిచే వెలుగుకూ అలాంటి జాడ ఉండాలి. జాడ తెలిసిన కొలతనే నమ్మగలం.

అనంతపురం జిల్లా విడపనకల్లులో దీని అవసరం బాగా తెలుస్తుంది. జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆంధ్రప్రదేశ్‌లో కరువును మండలం లెక్కన ప్రకటిస్తారు. కేంద్రం 2016లో తెచ్చిన కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం వర్షపాతం, సాగు విస్తీర్ణం, నేలలో తేమతో పాటు ఉపగ్రహం చూపే పచ్చదనపు సూచికనూ పరిశీలిస్తారు.

పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే సూచిక వస్తుంది. వాడుతున్న చేను నుంచి పరారుణం 0.30 వంతు, ఎరుపు 0.15 వంతు వెనక్కి వస్తే సూచిక 0.33. ఉపగ్రహంలోని పరికరం పాతబడి ఎరుపును 0.12గా చదివితే అది 0.43 అవుతుంది. ఎండిన చేను పచ్చగా కనిపిస్తుంది, కరువు కాగితం మీదికి ఎక్కదు.

అందుకే పరికరాన్ని ప్రయోగానికి ముందే ప్రయోగశాలలో ప్రామాణిక దీపాలతో సరిచూస్తారు. కక్ష్యలోకి చేరాక ఉపగ్రహంలోని దీపాలతోనూ, కచ్ రణ్ వంటి చదునైన మైదానాల మీదా మళ్లీ పరీక్షిస్తారు. ఉపగ్రహం పైన వెళ్లే వేళకే కింద నేల ప్రతిఫలించే వెలుగును కొలిచి రెండింటినీ పోలుస్తారు. నమీబియాలోని గోబాబెబ్ వంటి చోట్ల ప్రపంచ దేశాల కోసం ఇదే పని జరుగుతోంది.

హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్‌లో జాతీయ దూర సంవేదన కేంద్రం సమాచారాన్ని అందుకున్నాక మరికొన్ని దిద్దుబాట్లు చేస్తారు. మేఘాలు, వాటి నీడలు పడిన చోట్లను తీసేస్తారు. గాలిలోని ధూళి, ఆవిరి వల్ల వెలుగులో వచ్చిన మార్పును సరిచేస్తారు. చిత్రాన్ని సరైన అక్షాంశ, రేఖాంశాలకు కూర్చుతారు. రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల లిస్-3 కెమెరా తీసే చిత్రంలో ఒక గడి (పిక్సెల్) వెడల్పు 23.5 మీటర్లు, అంటే ఎకరంలో సుమారు ఏడు గడులే. ఒక్క గడి పక్కకు జరిగితే ఒకరి చేను లెక్క మరొకరి చేనులో పడుతుంది.

ఇన్ని దిద్దుబాట్లు చేసినా కొంత అనిశ్చితి మిగులుతుంది. నల్లరేగడి నేల తడిస్తే రంగు ముదురుతుంది, పంట పలచగా ఉన్నప్పుడు అది కూడా సూచికను మారుస్తుంది. కనుక ప్రతి అంకెతో పాటు అందులోని అనిశ్చితిని, ఏ తేదీ చిత్రం, ఏ దిద్దుబాటు, ఏ ప్రమాణం అన్న వివరాలనూ రాసి పెట్టాలి. భూ పరిశీలన సమాచారానికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న నాణ్యతా సూత్రం ఇదే.

చివరి పరీక్ష పొలంలోనే జరుగుతుంది. మాన్యువల్ చెప్పినట్టు ఎంపిక చేసిన గ్రామాల్లో అధికారులు చేలను స్వయంగా చూస్తారు. అక్కడ కనిపించినదానికీ ఉపగ్రహం చెప్పినదానికీ పొంతన కుదరకపోతే, వివరాలు రాసి ఉన్న కొలతను ఒక్కో మెట్టూ వెనక్కి పరిశీలించి తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవచ్చు. ఆ వివరాలు లేని అంకెను సరిదిద్దే దారి ఉండదు, దానితో రైతుకు న్యాయం చేయడమూ కుదరదు.