క్రొత్తగా వచ్చిన లాప్‌టాపును కొనవచ్చునా?

మిరప కోతలు ముగిసి, యార్డులో అమ్మిన సరకు సొమ్ము ఇంటికి చేరు దినములలోనే మన ప్రాంతమున పరీక్షా ఫలితములును వెలువడుచుండును. ఇంటరు ముగించి ఇంజనీరింగునకో డిగ్రీకో పోదలచిన విద్యార్థుల తలిదండ్రులు ఆ దినములలో ఉపాధ్యాయులను అడుగు ప్రశ్న యొకటి కలదు. "మాస్టారూ, పిల్లవాడికి లాప్‌టాప్ కొందామనుకుంటున్నాం. ఈ ఏడు కొత్త రకం వచ్చిందట. అదే కొందామా, కొంతకాలం ఆగుదామా?" ఏబది అరువది వేల రూపాయలు కౌలు సేద్యము చేయు గృహస్థునకు అల్పమైన మొత్తము కాదు. 2021-22 పంట కాలమున నల్ల తామర పురుగు మిరప తోటలను పాడుచేసినప్పుడు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ఎన్ని ఇండ్లలో ఫీజులకే ఇబ్బంది కలిగెనో మన పాఠకులు మరచియుండరు. కావున అవుననియో కాదనియో ఒక్కమాటలో తేల్చక, విషయమును కొంచెము విడమరచి చూతము.

మొదట "మొదటి తరము" అను మాటకు అర్థము తెలిసికొనవలెను. ప్రతి సంవత్సరమును అంగడికి వచ్చు లాప్‌టాపులన్నియు నిజముగా క్రొత్తవి కావు. పెక్కింటిలో లోపలి ప్రాసెసరు కొంచెము వేగము గలదిగా మారును, తక్కినదంతయు నిరుటిదే. అట్టిదానిని కొనుటకు భయపడనక్కరలేదు. కాని యొక్కొక్కప్పుడు తయారుచేయువారు ఒక ముఖ్యభాగమును మూలము నుండి మార్చుదురు. అది వేరు జాతి ప్రాసెసరు కావచ్చును, వేరు తీరు కీబోర్డు కావచ్చును, మడతపడు తెర కావచ్చును. ఆ మార్పుతో మొట్టమొదట అమ్మకమునకు వచ్చినదే మొదటి తరపు యంత్రము.

కంపెనీలు పరీక్షింపకయే అమ్ముచున్నవని కాదు. మూత కీలును వేలకొలది సార్లు తెరచి మూసి చూచెదరు. వేడి గదులలో నుంచి చూచెదరు. అయినను పరీక్షాశాలలోని యంత్రములు కొన్నియే, అచ్చటి కాలము కొన్ని మాసములే. అమ్మిన పిమ్మట అదే యంత్రము లక్షలాది చేతులలో పడును. మే నెల యెండలో రేకుల కప్పు క్రింద పనిచేయును. కరెంటు పోవుచు వచ్చుచు నుండు ఇంట ఛార్జింగునకు పెట్టబడును. జిన్నింగు మిల్లు ప్రక్క యింట దూది నలుసులను పీల్చును. కాలము గడచినగాని బయటపడని లోపములను ఎంత ధనము వెచ్చించినను ముందుగా కనుగొనుట కష్టము.

నలుసు అంటిని గాన ఒక యుదాహరణము. 2015 సంవత్సరమున యాపిల్ కంపెనీ తన పలుచని మ్యాక్‌బుక్కులో బటర్‌ఫ్లై కీబోర్డు అను క్రొత్త తీరు మీటలను అమర్చెను. చిన్న నలుసు పడినను కొన్ని మీటలు అంటుకొనిపోవుటయో, ఒక అక్షరము రెండుమార్లు పడుటయో జరుగుచు వచ్చెను. 2018 జూనులో ఆ కంపెనీ వానిని ఉచితముగా మరమ్మతు చేయుదుమని ప్రకటించెను. 2019 చివరి నుండి మరల పాత తీరు మీటలకే మరలెను. ఇందు గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. నడుమ వచ్చిన తరువాతి తరముల కీబోర్డులును ఆ బాధను పూర్తిగా తీర్పలేదు. కాబట్టి రెండవ తరము వచ్చువరకు ఆగిన చాలునను సూత్రము ఎల్లయెడల పనికిరాదు. ఆగినవాడు, తాను ఏ లోపమునకు భయపడి ఆగెనో అది తీరెనా లేదా యని విచారించుకొనియే కొనవలెను.

మనకు దగ్గరి యుదాహరణము ఆకాశ్ టాబ్లెట్టు. అది లాప్‌టాపు కాకపోయినను, విద్యార్థుల కొరకే ఉద్దేశింపబడిన చవుక కంప్యూటరు. మొదటి పలకలను కూర్చినదియు మన హైదరాబాదులోనే. 2011 అక్టోబరు 5వ తేదీన అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ గారు ఢిల్లీలో దానిని ఆవిష్కరించిరి. సరఫరా చేసినది డేటావిండ్ అను కంపెనీ. ప్రభుత్వము కొన్న ధర సుమారు 2,250 రూపాయలు. ఏడంగుళముల తెర, 366 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల మెమరీ. తెర రెసిస్టివ్ అను రకమునకు చెందినది; అనగా వ్రేలు సోకిన చాలదు, గట్టిగా నొక్కవలెను. ఇంత తక్కువ ధరకు కంప్యూటరను వార్త దేశమంతట గొప్ప ఆశ రేపెను. అంగడిలో అమ్ముటకు సిద్ధపరచిన దాని జోడు పలక యూబీస్లేటునకు కొలది వారములలోనే లక్షలకొలది ముందస్తు బుకింగులు వచ్చెను. కాని చేత పట్టి వాడినవారు చెప్పిన మాట వేరు. అది మిక్కిలి నెమ్మదియైనది; బ్యాటరీ త్వరగా నిండుకొనును; తెర మొండికెత్తును. 2012 నవంబరు 11వ తేదీన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారు ఆకాశ్-2ను విడుదల చేసిరి. దాని ప్రాసెసరు 1 గిగాహెర్ట్‌జ్, మెమరీ 512 మెగాబైట్లు, తెర వ్రేలు తగిలిన చాలు పలుకునట్టిది. ధర మాత్రము ఇంచుమించు మునుపటిదే. నడుమ గడచినది పదమూడు నెలలు. తొలిదానిని అందుకొన్నవారిని ఎవరును మోసపుచ్చలేదు. ఆ ప్రయత్నము మంచిదే. అయినను ఆ పదమూడు నెలల భేదమును అనుభవించినది తొలి పలక చేతబట్టిన విద్యార్థియే.

సేద్యము చేయు తలిదండ్రులకు ఈ సంగతి కంప్యూటరు కంటె ప్రత్తి ద్వారా సులభముగా బోధపడును. 2002 మార్చిలో మన దేశమున బీటీ ప్రత్తికి మొదట అనుమతి లభించెను. మెక్-12, మెక్-162, మెక్-184 అనునవి ఆ తొలి సంకరములు. 450 గ్రాముల పొట్లము వెల సుమారు 1,600 రూపాయలు. మామూలు సంకర విత్తనము దానిలో మూడవ వంతునకే దొరకుచుండెను. కాయతొలుచు పురుగును చంపు జన్యువు పనిచేయలేదని కాదు. ఆ జన్యువును మోసిన సంకరములు మన నేలలకును, వానలకును అన్నిచోట్ల తగినవి కాకపోయెను. 2005 మే నెలలో కేంద్రపు అనుమతుల సంఘము ఈ మూడింటికిని ఆంధ్రప్రదేశమున అనుమతి పొడిగింప నిరాకరించెను. తరువాత బన్నీ, మల్లిక వంటి, ఇచ్చటి రైతు మునుపే యెరిగిన సంకరములలో అదే గుణము చేరినది. 2006లో రాష్ట్ర ప్రభుత్వము గుత్తాధిపత్య వ్యాపారముల కమిషను నెదుట వాదించి, పొట్లము ధర 750 రూపాయలకు దిగివచ్చునట్లు చేసెను. ఆ యేటనే రెండు జన్యువులు గల బోల్‌గార్డ్-2 కును అనుమతి వచ్చెను. అనగా నాలుగేండ్లు ఆగిన రైతునకు సగము కంటె తక్కువ ధరకు మేలైన విత్తనము దొరకెను. అయితే ఆ నాలుగేండ్లును ఆతడు పురుగుమందులకు వెచ్చించిన సొమ్మును గూడ ఆ లెక్కలో చేర్పవలసియుండును. లెక్క ఒకవైపే చూచుట మన వాడుక.

క్రొత్త విత్తనమును మొదట ఒక ఎకరములో వేసి చూచుట పెద్దల పద్ధతి. గుంటూరు దాపున నున్న లాం ఫారములో క్రొత్త వంగడమును ఏండ్ల తరబడి పరీక్షించి, పిదప మినికిట్ల రూపమున రైతుల పొలములలో వేయించి చూచిన మీదటనే విడుదలకు తెత్తురు. లాప్‌టాపులకు లాం ఫారము లేదు. తొలిసారి కొన్నవారే మినికిట్టు రైతులు. ఆ మినికిట్టునకు పూర్తి వెలయు వారే చెల్లింతురు.

ఇట్లనుటచే మొదటి తరమంతయు చెడ్డదని తలపరాదు. 2020 నవంబరులో యాపిల్ కంపెనీ తన సొంత ఎమ్1 ప్రాసెసరుతో మొదటి మ్యాక్‌బుక్కులను అమ్మెను. అవి మొదటినుండియు వేగము గలవియు, బ్యాటరీ ఎక్కువసేపు నిలుచునవియు నయి యుండెను. కారణమేమన, ఆ జాతి ప్రాసెసరు 2010 నుండియు ఆ కంపెనీ ఫోనులలో పనిచేసి పండినది. అదిగాక పాత ప్రోగ్రాములను క్రొత్త ప్రాసెసరుపై నడిపించుటకు రోసెట్టా-2 అను దుబాసీ వంటి ప్రోగ్రామును ముందే సిద్ధపరచిరి. దీనికి విరుద్ధము 2012 అక్టోబరులో మైక్రోసాఫ్టు అమ్మిన సర్ఫేస్ ఆర్‌టీ. చూచుటకు చక్కనిది, విండోసు పేరే గలది. కాని పాత విండోసు ప్రోగ్రాములేవియు అందు నడువవు. కొన్నవారు తక్కువ గాన, 2013 జూలైలో ఆ కంపెనీ 90 కోట్ల డాలర్ల నష్టమును లెక్కలలో వ్రాసికొనవలసివచ్చెను. 2024 జూనులో క్వాల్‌కామ్ వారి క్రొత్త ప్రాసెసరుతో వచ్చిన విండోసు లాప్‌టాపులు దానికంటె ఎంతో మెరుగైనవి. పాత ప్రోగ్రాములలో పెక్కు వానిపై నడచెను. అయినను కొన్ని ప్రింటర్ల డ్రైవర్లును, కొన్ని ఆటలును మొరాయించెను. ఆటలు నడువకపోయిన మేలే యని ఉపాధ్యాయులు సంతోషింపవచ్చును గాని, కాలేజీ లాబులో నేర్పు ప్రోగ్రాము నడువకపోయినచో సెమిస్టరే చెడును. కాబట్టి క్రొత్త యంత్రము ఎంత వేగముగా నడచునని అడుగుటకు ముందు, మన పని దానిపై మొదటి దినముననే నడచునా యని అడుగవలెను.

ఇక ఆగుటకును వెల కలదు. 1981లో ఆస్‌బర్న్-1 అను కంప్యూటరు వచ్చెను. పెట్టెవలె నుండి పదకొండు కిలోలు తూగెడిది, తెర ఐదంగుళములే. అయినను చేతబట్టుకొని పోదగినదని జనులు ఎగబడి కొనిరి. 1983లో ఆ కంపెనీ తన తరువాతి యంత్రమును గూర్చి ముందుగా చాటగా, కొనదలచినవారు ఆగిపోయిరనియు, ఆ యేడే కంపెనీ దివాలా తీసెననియు చెప్పుదురు. దివాలాకు వేరు కారణములును కలవని కొందరి మతము. ఎట్లయినను, రానున్నది ఎప్పుడును ఉన్నదానికంటె మేలుగానే తోచును. ఆగిన కొలది ధర తగ్గుననుటయు నిశ్చయము కాదు. 2025 చివరి మాసములలో మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతట మిక్కుటముగా పెరిగెను. ధర దిగునని అంతవరకు ఆగినవారికి అది చేదు వార్త. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి వ్యయమును లెక్కించుకొనునను ఉపమానము లూకా సువార్తలో కలదు. మనవారు ఆ లెక్కలో సొమ్మును వేయుదురు గాని కాలమును వేయరు.

నా యభిప్రాయమిది. సొమ్ము చేతికి వచ్చు నెల వేరు, యంత్రము అవసరపడు నెల వేరు. మిరప సొమ్ము వేసవిలో వచ్చును. ఇంజనీరింగు తరగతులు ఆగస్టు ప్రాంతమున గాని ఆరంభము కావు. ఆ నడిమి మాసములు ఆగుట వలన విద్యార్థికి నష్టము లేదు. వేసవిలో వెలువడిన క్రొత్త యంత్రమును కొన్నవారి మంచిచెడ్డలు ఆ లోపల బయటికి వచ్చును. ఇంట నున్న సొమ్ము విత్తనములకును ఎరువులకును కరగిపోవునను భయము న్యాయమైనదే. అట్టివారు దానిని పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పిల్లల పేర వేరుగ నుంచుకొనవలెను. తరగతులు మొదలయిన పిదప మాత్రము ఆగరాదు. అప్పుడు అంగడిలో నున్న వానిలో ఒక సంవత్సరము పదిమంది చేతులలో నలిగిన రకమును కొనవలెను. నలిగినదనగా మరీ పాతది కాదు. విండోసు-10కు మైక్రోసాఫ్టువారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోసు-11 ఎక్కని పాత యంత్రములను చవుకగా వచ్చెనని కొనుట మంచిది కాదు. ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల పిల్లలకు పాఠశాల కంప్యూటరు గది చాలును. వారి విషయమున రెండు మూడేండ్లు నిశ్చింతగా ఆగవచ్చును.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. "ఇప్పుడు కాదులే, ఆగుదాం" అను మాట కొన్ని ఇండ్లలో కుమార్తె విషయమున మాత్రమే వినబడుచున్నది. కుమారునకు క్రొత్తది, కుమార్తెకు అన్న విడిచినది. ఇద్దరికిని అదే కాలేజీ, అదే సిలబసు, అదే పరీక్ష. ఇది యంత్రము యొక్క తరమును బట్టి చేసిన నిర్ణయము కాదని వారికిని తెలియును, ఆ బాలికకును తెలియును.

అన్నియు విని, క్రొత్త తరపుదియే కావలెనని నిశ్చయించుకొన్నవారును ఉందురు. వారు డబ్బు చెల్లించుటకు ముందు ఆ కంపెనీ మరమ్మతు కేంద్రము గుంటూరులోనో ఒంగోలులోనో కలదా, లేక విజయవాడ పోవలెనా యని కనుగొనవలెను. తిరిగి ఇచ్చుటకు గడువెన్ని దినములో వ్రాతపూర్వకముగా చూచుకొనవలెను. ఇల్లు చేరిన దినముననే కాలేజీవారు చెప్పిన ప్రోగ్రాములన్నియు అందులో ఎక్కించి, మీటలన్నియు నొక్కి, బ్యాటరీని ఒకసారి పూర్తిగా దించి చూడవలెను. లోపమున్నచో గడువు ముగియక మునుపే కనబడవలెను. బిల్లును భద్రపరచి, యంత్రము వచ్చిన అట్టపెట్టెను ఆ గడువు తీరువరకైనను పారవేయకుండవలెను.