కొయ్య మారితే పడవ మారుతుంది

యాచారంలో పాత ఎడ్లబండికి పాత ఇరుసు ఎక్కించాల్సి వస్తే వడ్లాయన ముందు కొలత చూడడు. ఇరుసును నేలమీద పడుకోబెట్టి దొర్లిస్తాడు. వంకర ఉందా, ఎక్కడ అరిగింది, చీల దగ్గర పగులు పట్టిందా అని వేలితో తడిమి చూస్తాడు. పొడవు సరిపోయినంత మాత్రాన అది ఆ బండికి పనికొస్తుందని చెప్పలేం. ఇంతకాలం ఏ బరువు మోసిందో, ఎక్కడ అలిసిందో తెలియాలి.

సాగర్ రోడ్డు పట్టుకుని నగరంలోకి వెళ్లి హుస్సేన్ సాగర్ గట్టున నిలబడితే అదే పని ఇంకో వస్తువు మీద జరుగుతుంది. అక్కడ దొర్లించి చూసేది తెరచాప కొయ్యను. మా పక్కనున్న ఇబ్రహీంపట్నానికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా కాలంలోనే, 1562 ప్రాంతంలో, ఆ చెరువునూ కట్టారు. వానాకాలం గాలి అందుకున్నాక సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఆధ్వర్యంలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుగుతుంది. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పడవలో కూర్చుని పోటీపడతారు. ఆ పడవ పేరు లేజర్. పాత పడవకు పాత కొయ్య ఎలా కుదురుతుందో తెలియాలంటే ముందు ఈ లేజర్ పుట్టుక తెలియాలి.

తెరచాప కొయ్య మనకు కొత్తది కాదు. కోరమండల్ తీరంలో దొరికిన శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. ఆ కాలం నుంచీ పెద్ద ఓడల్లో కొయ్యను నిలబెట్టేది తాళ్లే. నాలుగు వైపులా మోకులు లాగి కట్టకపోతే గాలికి అది నిలవదు. లేజర్ ఆ మోకులన్నిటినీ తీసేసింది. ఇప్పుడు కొయ్యలో కొయ్య కూడా లేదు, అల్యూమినియం గొట్టం వచ్చింది. పడవ నడిపేవాళ్లు దాన్ని మాస్ట్ అంటారు.

ఫోన్‌లో గీసిన పడవ

1969లో కెనడాలోని ఒక పెద్ద వ్యాపార సంస్థ, హడ్సన్స్ బే కంపెనీ, విహారయాత్రల సామాన్ల వరుసలో ఒక చిన్న పడవను కూడా చేర్చాలనుకుంది. షరతు ఒక్కటే. కారు మీద వేసి కట్టుకుని పోగలగాలి. ఆ పని చేతికొచ్చిన ఇయాన్ బ్రూస్, పడవల రూపశిల్పి బ్రూస్ కిర్బీకి ఫోన్ చేశాడు. మాట్లాడుతూనే కిర్బీ చేతికందిన కాగితం మీద ఒక గీత గీశాడు. దానికి తెరచాప కుట్టింది హాన్స్ ఫోగ్. డెన్మార్క్‌లో పుట్టి 1960 ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చుకున్న నావికుడాయన.

ఆ కంపెనీ చివరికి పడవను అమ్మలేదు. గీత మాత్రం బతికింది. 1970 అక్టోబరులో అమెరికాలో చవక పడవల కోసం పెట్టిన పందెంలో నమూనా పడవ దిగింది. 1971లో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో లేజర్ అన్న పేరుతో జనం ముందుకొచ్చింది. 1996 అట్లాంటా నాటికి ఒలింపిక్స్‌లో చేరింది. ఇప్పటివరకు రెండు లక్షలకు పైగా పడవలు తయారయ్యాయి. 2019 నుంచి దాని అధికారిక పేరు ఐఎల్‌సీఏ. మన చెరువు గట్టున మాత్రం ఇంకా లేజరే.

కారు మీద పట్టాలన్న ఆ ఒక్క షరతే మాస్ట్ తలరాత రాసింది. సుమారు 6 మీటర్ల మాస్ట్‌ను ఒకే ముక్కగా కారు మీద కట్టలేం. అందుకే రెండు గొట్టాలు చేశారు. కింది గొట్టం నోట్లో పై గొట్టం దిగుతుంది. దిండుకు గలీబు తొడిగినట్టు తెరచాపను పైనుంచి తొడుగుతారు. మొత్తాన్ని ఎత్తి పడవ ముందుభాగంలోని గుంటలో దింపుతారు. మోకులు లేవు, బిగించే మరలు లేవు.

వంగడమే దాని పని

మాస్ట్ నిటారుగా నిలబడితే చాలని బయటివాళ్లం అనుకుంటాం. లేజర్ మాస్ట్‌ను చేసిందే వంగడానికి. గాలి మెల్లగా ఉన్నప్పుడు తెరచాపకు పొట్ట కావాలి. ఆ పొట్టలోనే గాలి బలం పుడుతుంది. గాలి పెరిగితే అదే పొట్ట పడవను బోర్లా వేస్తుంది. అప్పుడు నడిపేవాడు తాడు బిగిస్తే మాస్ట్ కొస వెనక్కి విల్లులా వంగుతుంది, తెరచాప మధ్యభాగం ముందుకు లాగబడి పొట్ట తగ్గుతుంది. గాలి కొట్టే దెబ్బను గొట్టమే కొంత మింగేస్తుంది.

గొట్టమే ఎందుకు, కడ్డీ ఎందుకు కాదంటే వెదురును చూడాలి. వంగేటప్పుడు భారమంతా అంచుల మీద పడుతుంది, నడిమధ్యన ఉన్న లోహానికి పెద్దగా పని ఉండదు. పలుచని గొట్టానికి గోడ మందం అలాగే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే బరువు 2 రెట్లవుతుంది, వంగకుండా నిలిచే శక్తి మాత్రం దాదాపు 8 రెట్లవుతుంది. వెదురు ఈ లెక్క మనకంటే ముందే నేర్చుకుంది.

ఈ పడవలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇంకోటి. 4.23 మీటర్ల పొడవున్న ఆ ఒక్క పడవకు మూడు కొలతల తెరచాపలు ఉన్నాయి. పెద్దది 7.06 చదరపు మీటర్లు, నడిమిది 5.76, చిన్నది 4.7. పై గొట్టం అన్నిటికీ ఒక్కటే. కింది గొట్టం మారిస్తే చాలు. చిన్న తెరచాపకు కింది గొట్టం పొట్టిదే కాదు, తయారీలోనే కాస్త వెనక్కి వంచుతారు. తెరచాప చిన్నదైనప్పుడు గాలి బలం పడే చోటు ముందుకు జరుగుతుంది. పడవ అడుగున నీళ్లలోకి దిగే పలకకూ ఆ చోటుకూ పొంతన తప్పితే పడవ చెప్పినట్టు వినదు. ఆ వంపు గాలి బలాన్ని మళ్లీ వెనక్కి తెచ్చి పొంతన కుదురుస్తుంది.

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ వెండి పతకం గెలిచింది ఈ చిన్న తెరచాప మీదే. పిల్ల ఒళ్లు పెరిగేకొద్దీ పడవ మార్చక్కర్లేదు. కింది గొట్టం, తెరచాప మారిస్తే సరి. అన్న చొక్కా తమ్ముడికి వచ్చినట్టు ఒకరు వదిలిన గొట్టం ఇంకొకరికి వస్తుంది. సెకండ్‌హ్యాండ్ మాస్ట్‌కు ఇంత విలువ అందుకే.

పాత గొట్టాన్ని చదవడం

పాత మాస్ట్ చేతికి రాగానే చదును నేల మీద దొర్లించాలి. తిన్నగా ఉంటే సాఫీగా పోతుంది, వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది. అల్యూమినియం కొంతమేరకు వంగి మళ్లీ తన రూపానికి వస్తుంది. ఆ హద్దు దాటి వంచితే వంపు నిలిచిపోతుంది. పై గొట్టానికి ఈ రోగం ఎక్కువ. కింది గొట్టంలోంచి బయటికొచ్చే చోట దాని మీద భారం అన్నిటికంటే ఎక్కువ.

సరిగ్గా అక్కడే ఒక ప్లాస్టిక్ పట్టీ, దాన్ని పట్టి ఉంచే ఒక రివెట్ ఉంటాయి. రివెట్ కోసం తొలిచిన రంధ్రమే బలహీనం. మాస్ట్ వెనక్కి వంగితే ముందువైపు లోహం సాగుతుంది, వెనకవైపు నొక్కుకుంటుంది. రంధ్రం సాగే వైపు ఉంటే అంచు నుంచి పగులు మొదలవుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టు, వేలసార్లు వంగిన లోహం ఒకరోజు తెగుతుంది. రంధ్రాన్ని వెనకవైపుకు తిప్పి అమరిస్తే ఆ గొట్టం ఆయుష్షు పెరుగుతుంది. కొంతమంది పట్టీ ఊడదీసి గొట్టాన్ని తలకిందులు చేసి, అలిసిన చోటును పైకి పంపి, కొత్త కొసను రెండు గొట్టాలు కలిసే కీలు దగ్గర పెడతారు.

రివెట్ల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని తుడిచేసి ఊరుకోకూడదు. రెండు వేర్వేరు లోహాలు లవణాలున్న నీళ్లలో తడిస్తే చిన్న బ్యాటరీ తయారవుతుంది. స్టీలు రివెట్ నిలిచి ఉంటుంది, చుట్టూ ఉన్న అల్యూమినియం కరిగిపోతుంది. 2017 నుంచి మిశ్రమ నార పదార్థంతో చేసిన పై గొట్టాలు వచ్చాయి. అవి వంగి నిలిచిపోవు. విరగనంతవరకు తిన్నగానే ఉంటాయి కాబట్టి దొర్లించి చూస్తే వాటి లోపం తెలియదు. వెలుతురులో తిప్పుతూ పైపూతలో పగుళ్లు వెతకాలి.

గుంటలో నీళ్లు

మాస్ట్ బాగుందని తేలితే సగం పని అయినట్టే. మిగతా సగం పడవ వైపు ఉంది. గాలి తెరచాపను తోసే చోటు డెక్ కంటే రెండు మూడు మీటర్ల ఎత్తున ఉంటుంది. మాస్ట్ మొదలు గుంటలో దిగేది మూరెడు కూడా కాదు. గునపంతో బండరాయిని లేపినట్టు పైన పడిన బలం కింద ఎన్నో రెట్లయి గుంట అంచు మీద, అడుగు మీద పడుతుంది. దానికితోడు ఒడ్డు ఇసుక గుంటలోకి చేరి, మాస్ట్ తిరిగినప్పుడల్లా తిరగలిలా అడుగును నూరేస్తుంది. మాస్ట్ ఎంత గట్టిదైనా గుంటలోని ఫైబర్‌గ్లాస్ చిల్లు పడితే నీళ్లు పడవ కడుపులోకి పోతాయి. ఏదో ఒక రోజు గాలి వేగంగా ఉన్నప్పుడు మాస్ట్ డెక్‌ను చీల్చుకుని పడిపోతుంది.

అందుకే పాత పడవకు పాత మాస్ట్ ఎక్కించేముందు గుంటలోని ఇసుకంతా కడుగుతారు. రెండు గొట్టాల కీలు వదులుగా ఉంటే టేపు చుట్టి బిగిస్తారు. పడవ తిరగబడినా మాస్ట్ జారిపోకుండా కట్టే తాడు సిద్ధం చేస్తారు. మాస్ట్ ఎత్తే చోట పైన కరెంటు తీగలు లేవని చూసుకుంటారు. ఇవన్నీ అయ్యాక గుంట నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ రాత్రికి వదిలేస్తారు.

తెల్లారాక నీళ్లు ఆ గీత మీదే ఉంటే మాస్ట్ నిలబెట్టొచ్చు.