వీడని విటమిన్ డి లోపం: మన ఇంట్లో ఎండకు చోటుందా?

మా పెద్దాపా కుర్చీలో కూర్చుని నమాజు చేయడం మొదలుపెట్టేనాటికి ఆమె వయసు 46 సంవత్సరాలే. సజ్దా నుంచి లేవాలంటే రెండు అరచేతులూ నేలకు ఆనించి, ఆపై తొడల మీద చేతులు మోపి, ఒక్కొక్క మోకాలినే నిలుపుకుంటూ లేచేది. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకునేది. నడుమూ, తుంటీ, మోకాళ్ల కింది ఎముకలూ రాత్రిళ్లు సలిపేవి. "వయసు మీద పడుతోంది" అని ఆమె సరిపెట్టుకుంది. "బరువు తగ్గించుకో ఆపా" అని మేమూ సలహా చెప్పి ఊరుకున్నాం.

చివరికి రక్తపరీక్ష చేయిస్తే మిల్లీలీటరుకు 9 నానోగ్రాముల విటమిన్ డి ఉన్నట్లు తేలింది. సాధారణంగా 20 కన్నా తక్కువైతే లోపమని, 12 కన్నా తగ్గితే తీవ్ర లోపమని వైద్యులు పరిగణిస్తారు. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు 60,000 యూనిట్ల పొడి పొట్లాలు వాడింది. నొప్పులు తగ్గాయి, పరీక్షలో 31 వచ్చింది. అందరం సంతోషించాం. ఏడాది తిరిగేసరికి నొప్పులు మళ్లీ వచ్చాయి. ఈసారి పరీక్షలో 11. మళ్లీ పొట్లాలు, మళ్లీ ఉపశమనం, మళ్లీ పతనం. మూడోసారి వైద్యురాలి ఎదుట కూర్చున్నప్పుడు ఆపా నిరాశగా, "నా ఒంటికి ఈ మందు పట్టదమ్మా" అంది.

ఆమె నవ్వి, "మందు పట్టింది కనుకనే 9 నుంచి 31కి వచ్చారు. మీరు మందు ఆపారు, మీ ఇల్లు మాత్రం మారలేదు" అన్నారు.

ఈ లోపంతో సతమతమవుతున్న ఎన్నో కుటుంబాలకు వర్తించే మాట ఇది. విటమిన్ డి లోపం జ్వరం వంటిది కాదు, ఒకసారి మందు వేసుకుంటే వదిలిపోదు. ప్రతిరోజూ ఖర్చయ్యే పద్దు ఇది. రాబడి మార్గం మూసుకుపోయిన ఇంట్లో ఒకసారి అప్పు తెచ్చి ఖజానా నింపినా అది కొన్నాళ్లకు ఖాళీ కాక తప్పదు.

రాబడి మార్గం ఏది?

మన శరీరానికి కావలసిన విటమిన్ డిలో అధికభాగం ఆహారం నుంచి కాక, చర్మం నుంచి లభిస్తుంది. చర్మంలో ఉండే ఒక రకమైన కొవ్వు పదార్థంపై ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు పడినప్పుడు అది విటమిన్ డిగా రూపాంతరం చెందుతుంది. పిదప కాలేయమూ, మూత్రపిండాలూ దానిని శరీరం వినియోగించుకోగల రూపంలోకి మారుస్తాయి. ఆహారంలోని కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి చేరడానికి ఇది అత్యవసరం. ఇది కొరవడితే పెద్దల ఎముకలు మెత్తబడతాయి, తొడల కండరాలు బలహీనపడతాయి. కింద కూర్చుని లేవలేకపోవడం, మెట్లెక్కలేకపోవడం ఈ బలహీనతకు గుర్తులు. ఆపా వయసుపై మోపిన నేరం నిజానికి ఈ లోపానిది.

ఈ విషయంలో మన ఇళ్లలో రెండు అపోహలు బలంగా నాటుకుపోయాయి. తెల్లవారుజామున లేత ఎండలో నిలబడితే విటమిన్ డి వస్తుందన్నది మొదటిది. లేత ఎండ హాయినిస్తుంది, నిజమే. కానీ సూర్యుడు దిగంతాన ఉన్నప్పుడు ఆ కిరణాలు వాతావరణంలో సుదీర్ఘంగా ఏటవాలుగా ప్రయాణించవలసి వస్తుంది. ఆ దారిలోనే అతినీలలోహిత బి కిరణాలలో అధికభాగం వడకట్టబడుతుంది. తిరుపతిలో జరిగిన పరిశోధనలో సైతం ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య ఎండే ఇందుకు అనువైనదని తేలింది. కిటికీ అద్దం వెనుక కూర్చున్నా చాలునన్నది రెండో అపోహ. అద్దం వెలుగునూ వేడినీ లోనికి రానిస్తుంది గాని, మనకు కావలసిన ఆ కిరణాలను అడ్డగిస్తుంది.

దీనికి సులువైన కొలమానం ఒకటుంది. ఎండలో నిలబడినప్పుడు మన నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉంటే ఆ ఎండ ఉపయోగపడుతుంది. పొడవుగా ఉంటే పెద్దగా ప్రయోజనం ఉండదు. నీడను కొలిచి జుహర్, అసర్ వేళలను నిర్ణయించుకున్న సమాజానికి ఈ కొలత కొత్తది కాదు. హైదరాబాదులో మే నెలలో ఉదయం తొమ్మిది గంటల ప్రాంతానికే నీడ పొట్టిబడుతుంది, కనుక వడగాడ్పులు మొదలయ్యేలోపే ఎండ కాచుకుని లోనికి వచ్చేయవచ్చు. డిసెంబరులో మాత్రం మిట్టమధ్యాహ్నానికి అటూ ఇటూ గంట చొప్పున మాత్రమే ఆ అవకాశం ఉంటుంది. చలికాలంలో జుహర్ నమాజుకు ముందో వెనుకో డాబా మీద గడిపే అరగంట విలువ ఇందువల్లే ఎక్కువ.

దోషం వస్త్రానిదా, గోడలదా?

ఈ ప్రశ్నను దాటవేయడం నిజాయితీ అనిపించుకోదు. వస్త్రం ఈ కిరణాలను అడ్డుకుంటుంది. బయటికి వెళ్లినప్పుడు నిండుగా కప్పుకునే స్త్రీకి ఆ సమయంలో ఎండ వల్ల కలిగే లాభం స్వల్పమే. అయితే అసలు కథ అంతటితో ముగియదు.

1928లో కాథ్లీన్ వాఘన్ అనే బ్రిటిష్ వైద్యురాలు కాశ్మీరులోని తన అనుభవాలను గ్రంథంగా వెలువరించారు. వెలుతురు సోకని గదుల్లో జీవితం గడిపే స్త్రీల ఎముకలు మెత్తబడి, కటి వంకరపోయి, ప్రసవాలు ప్రాణాంతకంగా పరిణమించడం ఆమె కళ్లారా చూశారు. ఆమె పరదాను నిందించారు. అయితే పొలాల్లోనూ పడవల మీదా ఆరుబయట పనిచేసే స్త్రీలు ఈ వ్యాధికి దూరంగా ఉన్నారని కూడా ఆమె గమనించారు. కాశ్మీరు లోయలో వారిలోనూ అత్యధికులు ముస్లిములే. విశ్వాసం ఒకటే, ఎండ మాత్రం వేరు.

మన పాత ఇళ్లను తలచుకోండి. మా నానీ ఇంట్లో నడిమధ్య సెహన్ ఉండేది. నాలుగు పక్కలా గోడలు, పైన ఆకాశం. పరాయివారి చూపు పడకుండానే స్త్రీలు అక్కడ మిరపకాయలు ఆరబోసేవారు, వడియాలు పెట్టేవారు, తలకు నూనె రాసుకునేవారు, పిల్లలకు స్నానాలు చేయించేవారు. చేతులు మోచేతుల దాకా, కాళ్లు పిక్కల దాకా ఎండకు తగిలేవి. ఆ సెహన్ లేని మూడో అంతస్తు ఫ్లాటులోకి మా ఆపా కాపురం మారింది. బాల్కనీకి ఇనుప జాలీ, దాని మీద తెర, ఎదురుగా చేయి చాస్తే అందేటంత దూరంలో మరో భవనం. పరదా పద్ధతి మారలేదు, మారింది ఇంటి కట్టడం.

ఇది మన స్త్రీలకే పరిమితమైన సమస్య కూడా కాదు. తెల్లవారకముందే దుకాణం షట్టరు ఎత్తి చీకటిపడ్డాక దించే వ్యాపారి, పగలంతా కంప్యూటరు ముందు గడిపే ఉద్యోగి, బడి నుంచి ట్యూషనుకు, అక్కణ్నుంచి ఫోను తెరకు మారే పిల్లవాడు కూడా ఇందులో భాగస్వాములే.

పసిబిడ్డల విషయంలో ఏమరుపాటు వద్దు

మా కుటుంబం ఈ లోపాన్ని నిజంగా పట్టించుకున్నది ఆపా నొప్పుల వల్ల కాదు. ఆపా కూతురికి కాన్పయిన రెండు నెలలకు ఒక రాత్రి పసివాడికి మూర్ఛ వచ్చింది. కళ్లు పైకి తేలేసి, చేతులు కొట్టుకుంటుంటే ఇల్లంతా భయంతో వణికిపోయింది. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో కాల్షియం అడుగంటింది. బిడ్డకూ తల్లికీ విటమిన్ డి నామమాత్రంగా ఉంది. అల్లాహ్ దయవల్ల సకాలంలో చికిత్స అంది బిడ్డ కోలుకున్నాడు.

తల్లిపాలకు సాటి ఆహారం లేదు, కానీ అందులో విటమిన్ డి చాలా స్వల్పం. గర్భంలో ఉండగా బిడ్డకు అందే నిల్వ కూడా తల్లి నిల్వను బట్టే ఉంటుంది. అందుకే పుట్టిన తొలిరోజుల నుంచి ఏడాది నిండేవరకు ప్రతి బిడ్డకూ రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు ఇవ్వాలని పిల్లల వైద్యులు సూచిస్తారు. సీసాతో వచ్చే డ్రాపరులో ఎంత పరిమాణానికి 400 యూనిట్లో కంపెనీని బట్టి మారుతుంది. మందు మార్చిన ప్రతిసారీ అడిగి తెలుసుకోవాలి. గర్భవతులు తమ పరీక్ష విషయం వైద్యురాలితో ముందుగానే ప్రస్తావించడం మంచిది.

మందు వాడినా లోపం ఎందుకు తిరగబెడుతుంది?

వైద్యురాలు ఆపాను అడిగిన ప్రశ్నలనే మనమూ వేసుకుందాం.

ఎప్పుడు వేసుకుంటున్నారు? విటమిన్ డి కొవ్వులో కరిగేది. ఆపా దానిని పరగడుపున నీళ్లతో మింగేది. నూనె, నెయ్యి, గుడ్డు, మాంసం వంటివి ఉన్న ప్రధాన భోజనంతో తీసుకుంటే బాగా ఒంటబడుతుంది. రమజాన్‌లోనైతే ఇఫ్తార్ తరువాతి భోజనంతోనో సహరీతోనో తీసుకోవచ్చు.

కోర్సు తరువాత ఏం చేశారు? ఇదే అసలు కీలకం. మందు ఆపాక రక్తంలోని నిల్వ రెండు మూడు వారాలకొకసారి సగానికి సగం తగ్గుతూ పోతుంది. లోటు భర్తీ అయ్యాక రోజుకు కొద్దిగానో, నెలకొక పెద్ద మోతాదో కొనసాగింపుగా అవసరమవుతుంది. అది ఎంతన్నది వైద్యులే నిర్ణయించాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దల దినసరి అవసరాన్ని 600 యూనిట్లుగా సూచించింది. ఒక గుడ్డు పచ్చసొనలో దాదాపు 40 యూనిట్లే ఉంటాయి. కవళ్లు, కానాగంతలు వంటి నూనె చేపలు కొంత మేలు, కానీ ఆహారంతో మాత్రమే లెక్క సరిపెట్టడం దుర్లభం. పాలు, వంటనూనె కొనేటప్పుడు ప్యాకెట్టు మీద కూడిక గుర్తుతో కూడిన ఆంగ్ల 'ఎఫ్' చిహ్నం ఉంటే, అందులో విటమిన్ డి కలిపారని గ్రహించవచ్చు.

బరువెంత? స్థూలకాయుల్లో ఈ విటమిన్ కొవ్వు కణజాలంలోకి విస్తరిస్తుంది. వారికి సాధారణ మోతాదుకు రెండు మూడు రెట్లు అవసరం కావచ్చు.

ఇతర మందులు, వ్యాధులు ఉన్నాయా? మూర్ఛకు వాడే కొన్ని మందులు, క్షయకు వాడే రిఫాంపిసిన్, దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్లు నిల్వలను తగ్గిస్తాయి. గోధుమలు పడని సీలియాక్ వ్యాధి, కాలేయ, మూత్రపిండ వ్యాధులు కూడా కారణం కావచ్చు. సరిగా వాడినా అంకె కదలకపోతే కారణం వెతకాలి తప్ప, మోతాదు సొంతంగా పెంచుకోరాదు.

కాల్షియం అందుతోందా? విటమిన్ డి ద్వారం తెరిచినా లోనికి రావడానికి కాల్షియం ఉండాలి కదా! పాలు, పెరుగు, నువ్వులు, రాగులు దినచర్యలో ఉండాలి.

మందు గొట్టాల్లోని జెలాటిన్ మూలం పట్ల సందేహంతో కొందరు చికిత్సనే మానేస్తున్నారు. ఇదే మందు పొడి రూపంలో, నమిలే బిళ్లలుగా, ద్రవంగా కూడా దొరుకుతుంది. దుకాణదారుని అడిగితే సరిపోతుంది.

అతి కూడా హానికరమే

వారానికొకటి వేసుకోవలసిన 60,000 యూనిట్ల మందును పొరపాటున రోజూ మింగి ఆసుపత్రి పాలయ్యేవారు ఉంటారు. విటమిన్ డి హద్దు మీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మతి తడబాటు దాని లక్షణాలు. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. రాళ్ల సమస్య ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి. చికిత్స మొదలైన మూడు నెలలకు పరీక్ష చేయించుకోవాలి, అంతకు ముందే తొందరపడితే అంకె స్థిరపడదు.

ఇది సర్వరోగనివారిణి కూడా కాదు. అమెరికాలో దాదాపు 26,000 మందిపై జరిపిన 'వైటల్' పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ప్రత్యేకంగా లోపం ఉన్నవారిని ఎంచుకోకుండా సామాన్య జనానికి ఈ విటమిన్ ఇచ్చినప్పుడు కొత్తగా క్యాన్సరు గాని, గుండెపోట్లు గాని తగ్గలేదని అది తేల్చింది. లోటు ఉన్నచోట లోటు పూడ్చడమే దీని పని.

ఇంట్లో ఎండకు చోటు

ఆపా ఇంట్లో ఇప్పుడు రెండు మార్పులు వచ్చాయి. నెలవారీ మోతాదును ప్రతినెలా మొదటి జుమా నాడు మధ్యాహ్న భోజనంతో వేసుకుంటుంది. ఆ తేదీలు వంటింటి క్యాలెండరులో ముందే గుర్తుపెట్టి ఉంటాయి. ఇక రెండోది, ఆ భవనంలోని ఆరు కుటుంబాలు మాట్లాడుకుని డాబా పిట్టగోడ మీద ఒక మూల ఎత్తుగా రేకులు బిగించాయి. పగలు నిర్ణీత సమయంలో డాబా తాళం స్త్రీల చేతికి వస్తుంది. అక్కడ చేతులు, కాళ్లు ఎండకు తగిలేలా ఇరవై నిమిషాల నుంచి అరగంట కూర్చుంటారు. బట్టలు ఆరేసుకుంటారు, మెంతికూర తుంచుకుంటారు. పక్కింటి హిందూ సోదరీమణులు కూడా వస్తారు. చర్మం కందకముందే నీడలోకి చేరడం వారి నియమం.

ఇల్లు కట్టుకునేటప్పుడు కిబ్లా దిశ చూసుకుంటాం, వంటగది చూసుకుంటాం. ఇంటి ఆడవారు పరాయి చూపు సోకకుండా ఎండలో కూర్చునే చోటు ఏదని కూడా ఇంటి యజమాని ఆనాడే అడగాలి. ఇప్పటికే కట్టి ఉంటే డాబా మీద నాలుగు రేకులకు అయ్యే ఖర్చు, ఏళ్ల తరబడి పరీక్షలకూ నొప్పి మాత్రలకూ పోసే సొమ్ము కన్నా ఎక్కువేమీ కాదు. శరీరం మనకు అప్పగించబడిన అమానతు. ఇంటి స్త్రీల ఎముకలు కూడా ఆ అమానతులో భాగమే.

ఆపా చివరి పరీక్షలో 34 వచ్చింది. అయిదు నెలలుగా ఆమె నమాజు మళ్లీ నేల మీదే చేస్తోంది.