ఒక్క సౌండు కార్డు – ఎన్నో గొంతులు

మామిడికుదురు సెంటర్లో పెళ్లి ఊరేగింపు వెళుతోందనుకోండి. సన్నాయి, డోలు, వెనకాల బస్సు హారను, పక్కనే మీ స్నేహితుడి కబుర్లు – అన్నీ ఒకేసారి వింటారు. కాని మీ చెవిలో కర్ణభేరి ఒక్కటే కదా! ఒక్క పొర ఒకే క్షణంలో ఇన్ని విధాలుగా ఎలా కంపిస్తుంది? కంపించదు. గాలిలో వచ్చిన తరంగాలన్నీ కలిసి, ఆ క్షణానికి మొత్తం ఎంతైతే అంతే కదులుతుంది. దీన్నే అధ్యారోపణ సూత్రం అంటారు. ఇది సన్నాయి, ఇది హారను అని విడదీసి గుర్తించే పని మీ మెదడుది.

గాలి ఎవరూ చెప్పకుండానే చేసే ఈ కూడికను కంప్యూటరుకు మాత్రం మనుషులు నేర్పాల్సి వచ్చింది. అది జరగకపోతే ఏమవుతుందో మా బడిలో ఒకరోజు కళ్లారా చూశాను.

మా కంప్యూటర్ల గదిలో లినక్స్ వేసిన పాత యంత్రం ఒకటి ఉండేది. చూపు సరిగా ఆనని ఒక అమ్మాయి దాని మీద చదువుకునేది. తెర మీద ఏముందో ఓర్కా అనే ప్రోగ్రాం గ్రహిస్తుంది. దాన్ని ఈస్పీక్-ఎన్‌జీ అనే మరో ప్రోగ్రాం తెలుగులో పలుకుతుంది. (ఆ పలుకు కాస్త మొరటు. వేమన పద్యాన్ని కూడా బస్సుల వేళలు చదివినట్టే చదువుతుంది. అయినా పని జరుగుతుంది.) ఆ రోజు పిల్లల చేత పద్యాలు చదివించి అదే యంత్రంలో రికార్డు చేశాను. తిరిగి వినిపిద్దామని మీట నొక్కాను. పద్యం చక్కగా వినబడింది. మరుక్షణం ఆ అమ్మాయి, "మాస్టారూ, కంప్యూటరు మాటాడ్డం మానేసిందండి" అంది.

మనకు శబ్దం పోతే పాట పోయినట్టు, అంతే. ఆమెకు తెరే ఆరిపోయినట్టు. ఏ పేజీలో ఉందో, ఏ మీట నొక్కాలో తెలియక కూర్చుండిపోయింది.

ఇలా ఎందుకయింది? కంప్యూటరు దృష్టిలో పాటంటే అంకెల వరస. సాధారణంగా సెకనుకు 48,000 అంకెలు. ఒక్కొక్కటి −32,768 నుంచి 32,767 లోపు ఉంటుంది. సౌండు కార్డు వాటిని వరసగా అందుకుని, విద్యుత్తుగా మార్చి స్పీకరుకు పంపుతుంది. సౌండ్ బ్లాస్టర్ లైవ్ వంటి కొన్ని కార్డులు అనేక వరసల్ని తామే కలుపుకోగలిగేవి. చౌక కార్డులకు ఆ శక్తి లేదు. ఒకసారికి ఒకే వరస. అందుకే లినక్స్ తొలినాళ్లలో, ఓపెన్ సౌండ్ సిస్టమ్ ఉన్నప్పుడు, అలాంటి కార్డును ముందు తెరిచిన ప్రోగ్రాందే రాజ్యం. రెండోది వస్తే "పరికరం ఖాళీగా లేదు" అనే జవాబే దక్కేది.

1998లో యారొస్లావ్ కైసెలా మొదలుపెట్టిన ఆల్సా, 2003 చివర్లో వచ్చిన లినక్స్ 2.6 నాటికి అందులో భాగమైంది. దానికి తోడు వచ్చిన డీమిక్స్, ప్రోగ్రాములు పంపే అంకెల్ని ఒక ఉమ్మడి చోట కూడి కార్డుకు అందించేది. 2004లో లెనార్ట్ పోయెటరింగ్ తెచ్చిన పల్స్ ఆడియో మరో అడుగు వేసింది. గుడి దగ్గర మైకుసెట్టు కుర్రవాణ్ణి చూశారు కదా! హారను ఒక్కటే, హరిదాసు మైకు, హార్మోనియం మైకు రెండూ అతని ఆంప్లిఫయరుకే వస్తాయి. దేనికెంత కావాలో నాబు తిప్పి అతనే చూసుకుంటాడు. పల్స్ ఆడియో చేసేది అదే. 2021లో ఫెడోరా 34 ఈ పనిని విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్‌కు అప్పగించింది.

కూడిక అన్నాను కాబట్టి ఒక లెక్క చేద్దాం. ఒక క్షణంలో పద్యం అంకె 12,000, మాట అంకె 7,000. మొత్తం 19,000, కార్డుకు వెళ్లేది ఇదే. మరుక్షణం 25,000, 15,000 వచ్చాయనుకోండి. మొత్తం 40,000! హద్దు 32,767 కదా, ఏం చేయాలి? ఊరుకుంటే ఆ అంకె 16 బిట్లలో ఇమడక చుట్టు తిరిగి −25,536గా మారుతుంది (40,000 లోంచి 65,536 తీసి చూడండి). స్పీకరు పొర ముందుకు రావలసింది వెనక్కి పోతుంది, "టప్" మంటుంది. అందుకని హద్దు దగ్గరే ఆపేస్తారు. అప్పుడు తరంగం శిఖరం కత్తితో కోసినట్టు చదునవుతుంది, గొంతు బొంగురుపోతుంది. ముందే ఒక్కోదాన్ని కొంచెం తగ్గించి కూడడమే మంచి పద్ధతి.

ఇంకో చిక్కు ఉంది. ఈస్పీక్ సెకనుకు 22,050 అంకెలే ఇస్తుంది. వాటిని 48,000 వేగంతో ఉన్న కార్డుకు అలాగే తోస్తే, మాట రెండింతలకు పైగా పరుగెత్తి పిచ్చుక కిచకిచలా వినబడుతుంది. మధ్య అంకెల్ని లెక్కగట్టి పూరించాక గాని కూడరాదు. మధ్యవర్తికి ఇదీ పనే.

మరి మా యంత్రంలో పల్స్ ఆడియో ఉండగా మాట ఎందుకు ఆగింది? తప్పు నాదే. రికార్డు చేసే ప్రోగ్రాం అమరికలో "పరికరం" దగ్గర, స్పష్టంగా వస్తుందనుకుని కార్డు పేరునే నేరుగా ఎంచుకున్నాను. శబ్దమేదీ లేకుంటే పల్స్ ఆడియో కొన్ని సెకన్లకు కార్డును వదిలేస్తుంది. అమ్మాయి ఆగి ఆలోచిస్తున్న ఆ కాస్త సమయంలో నా ప్రోగ్రాం కార్డును పట్టేసింది. మైకుసెట్టు కుర్రవాడు పక్కకు వెళ్లినప్పుడు హారను తీగ పీకి నా రేడియోకు తగిలించుకున్నట్టన్నమాట. "ఫ్యూజర్" అనే ఆదేశంతో కార్డు ఎవరి చేతిలో ఉందో చూశాం. నా ప్రోగ్రాం పేరే కనబడింది.

అమరికను "డిఫాల్ట్"కు మార్చి మళ్లీ పద్యం పెట్టాను. అమ్మాయి బాణం మీట నొక్కింది. పద్యం సాగుతుండగానే మాటా వచ్చింది.

"పద్యం గట్టిగా ఉందండి, మాట వినపడట్లేదండి" అంది.

పద్యం ఒక్కదాన్నే సగానికి తగ్గించాం.