దూరం ఎక్కువ, ప్రయాణం తక్కువ

నాన్నగారు ఆసుపత్రిలో ప్రాణాపాయ స్థితిలో ఉన్న రాత్రి శాన్ ఫ్రాన్సిస్కో నుండి అన్నయ్య ఫోను చేశాడు, బయలుదేరుతున్నానని. "పెద్దవాడు ఎంత దూరంలో ఉన్నాడురా?" అని అమ్మ అడిగింది. చదువుకున్న వాణ్ణి కదా, కిలోమీటర్ల లెక్క మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపివేసింది.

"ఆ లెక్క నాకెందుకు? ఎప్పటికి వస్తాడో చెప్పు."

ఆ ప్రశ్నకు కిలోమీటర్లు జవాబు చెప్పలేవని నాకు తరువాత తెలిసివచ్చింది.

గోడమీది ప్రపంచ పటాన్ని చూసి దూరాలు అంచనా వేస్తే మోసపోతాము. గ్లోబు తీసుకుని, ఢిల్లీ నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు ఒక దారాన్ని బిగించి పట్టి చూడండి. అది ఉత్తర ధ్రువం దరిదాపులకు ఎగబ్రాకి, అవతలి వైపు దిగుతుంది. గుండ్రని భూమిపై ఆ రెండు నగరాల మధ్య అతి దగ్గరి దారి అదే: సుమారు 12,400 కిలోమీటర్లు. ఐతే దగ్గరి దారి త్వరగా చేర్చే దారి కానక్కరలేదు.

2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు ఎక్కడా ఆగకుండా పోయే విమానాన్ని ప్రారంభించింది. అది పడమరగా, అట్లాంటిక్ మీదుగా, దాదాపు 13,900 కిలోమీటర్లు పోయేది. 2016 అక్టోబరులో దారి మార్చి, తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణకాలం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గి, పదునాలుగున్నర గంటలకు వచ్చింది!

ఈ వింతకు కారణం గాలి. నేలకు పది కిలోమీటర్ల ఎత్తున, విమానాలు ఎగిరే చోటనే, జెట్ ప్రవాహాలనే బలమైన గాలులు పడమటి నుండి తూర్పుకు వీస్తాయి. ఒక్కొక్కప్పుడు వాటి వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. ఎదురీదే పడవకూ, వాలున సాగే పడవకూ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది.

గడియారం మరొక చమత్కారం చేస్తుంది. అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో కాలం మనకంటె పన్నెండున్నర గంటలు వెనుక. అందుచేత పదునాలుగున్నర గంటలు ఎగిరిన ప్రయాణికుడు, బయలుదేరిన రెండు గంటలకే దిగినట్లు అక్కడి గడియారం చూపుతుంది. ఆ గంటల బరువు తెలిసేది అతని ఒంటికే.

గాలిని అనుకూలం చేసుకున్న మనిషికి సాటి మనిషి గీసిన సరిహద్దులు అడ్డు వస్తాయి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసింది. ఢిల్లీ నుండి పడమరకు పోవలసిన విమానాలెన్నో అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగి పోవలసివచ్చింది. నగరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మధ్య కాలం పెరిగిపోయింది.

అన్నయ్య ఢిల్లీలో దిగి, హైదరాబాదుకు మరొక విమానం ఎక్కి, అక్కడి నుండి కారులో మూడవనాడు తెల్లవారుజామున ఆసుపత్రికి చేరుకున్నాడు. నాన్నగారికి కళ్ళు తెరిచే ఓపిక లేదు. "నాన్నా" అన్న పిలుపు విని, చేయి మాత్రం కదిలించారు.

అమ్మ ఆ రెండు రాత్రులూ గోడ గడియారం వైపే చూస్తూ కూర్చున్నది. దూరాన్ని కొలవవలసింది దేనితోనో ఆమెకు మొదటి నుండీ తెలుసు.