ఒక్కరికే ఉగాది పచ్చడి

కుటుంబమును స్వస్థలమున విడిచి, దూరపు ప్రాజెక్టులలో పనిచేయు మావంటివారికి ఉగాదినాడు ఒక సందేహము కలుగును: ఒక్కరి కొరకు పచ్చడి చేయవలెనా? చేయవలెననియే మా అభిప్రాయము. దీనికి పొయ్యి సయితము అక్కరలేదు. ఉసిరికాయంత కొత్త చింతపండు నానవేసి పిసికి, బెల్లపు తురుము, చిటికెడు ఉప్పు, కాస్త కారము, సన్నని మామిడి ముక్కలు కలిపిన చాలును.

వేపపువ్వే చిక్కు. ఉత్తరాది టౌన్‌షిప్పులలో వేపచెట్లకు కొదవలేదు గాని, పూత తరచు పండుగ దాటిన పిమ్మటనే వచ్చును. శోభకృత్ ఉగాది 2023 మార్చి 22ననే వచ్చినది; ఇంటినుండి కవరులో వచ్చిన ఎండుపువ్వే ఆనాడు మమ్ము ఆదుకొన్నది. మహారాష్ట్ర సహోద్యోగులు గుడిపాడ్వాకు లేత వేపాకును బెల్లముతో తిందురు. అదియు మంచి దారియే.

స్నానము ముగించి, మొదటి షిఫ్టుకు ముందు గిన్నెతో కూర్చుండితిమి. తొలుత పులుపు, వెనుక తీపి, చివరకు చేదు నాలుకపై నిలిచినవి. ఎదుట ఎవరును లేరు గనుక తొందరపడి మింగవలసిన పనిలేకపోయెను. ఇంటికి ఫోను రెండవ చెంచా తరువాతనే.