డొక్కలెగురవేయు బిడ్డ, నీటిబుడగల చికిత్స

వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు పల్లెలలో పసిబిడ్డ ఆయాసపడునప్పుడు తల్లులు “డొక్కలెగరేస్తున్నాడు” అందురు. వైద్యుడు వెదకునదియు అదే. బిడ్డ గాలి పీల్చునప్పుడు రొమ్ము క్రిందిభాగము లోనికి పోవుచున్నదా? నిమిషమునకు ఎన్నిసార్లు ఊపిరి తీయుచున్నది? రెండు నెలల లోపు శిశువునకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేండ్ల లోపు బిడ్డకు 40, లేదా అంతకు మించినచో శ్వాసవేగము హెచ్చినట్లే. లెక్కించుటకు ఒక గడియారము చాలును.

ఊపిరితిత్తులలో కోట్లకొలది చిన్న గాలితిత్తులు ఉన్నవి. వాని పలుచని గోడల గుండ ప్రాణవాయువు రక్తములో చేరును. న్యుమోనియాలో ఇవి చీముతోను, ద్రవముతోను నిండును; కొన్ని ముడుచుకొని పోవును. ముడుచుకొన్న తిత్తిని తెరచుట సులభము కాదు. క్రొత్త బూరను ఊదిన ప్రతి బాలునకు ఇది తెలియును: మొదట బుగ్గలు నొప్పిపుట్టును, కొంత ఉబ్బిన పిమ్మట తేలిక. ప్రతి శ్వాసకును క్రొత్త బూర ఊదవలసి వచ్చినచో పసిబిడ్డ ఎంతసేపు ఓర్వగలదు? అందుకే జబ్బుబిడ్డ గాలి విడుచుచు మూలుగును. ఆ మూలుగు బాధ వలన మాత్రమే కాదు. గొంతును కొంత మూసి, గాలి పూర్తిగా బయటికి పోకుండ ఆపి, తిత్తులు ముడుచుకొనకుండ బిడ్డ తన్ను తాను కాపాడుకొనుచున్నది!

తీవ్రచికిత్సాశాలలో బుడగల సీపాప్ అను సాధనము చేయునదియు ఈ పనియే. ప్రాణవాయువు కలిసిన గాలి బిడ్డ ముక్కులోనికి ప్రవహించును. బయటికి వచ్చు గొట్టపు కొనను సీసాలోని నీటిలో 5 సెంటీమీటర్ల లోతున ముంచుదురు. అంత నీటి ఒత్తిడిని దాటిననే గాని గాలి బుడగలై వెలువడదు. ఆ ఒత్తిడియే తిత్తులను తెరచి ఉంచును. గ్లాసెడు నీటిలో గొట్టమును లోతుగా ముంచి ఊదినచో తరగతిలోనే విద్యార్థులకు దీని సూత్రము బోధపడును.

బంగ్లాదేశ్‌లోని ఢాకాలో మొహమ్మద్ జోబాయెర్ చిస్తీ అను వైద్యుడు వాడిన షాంపూ సీసాతో ఈ సాధనము నిర్మించెను. 2011–2013లో అచ్చట జరిగిన పరీక్షలో సాధారణముగా ప్రాణవాయువు పొందిన 67 మంది పిల్లలలో 10 మంది మరణించిరి. బుడగల సీపాప్ పొందిన 79 మందిలో ముగ్గురు. ఫలితములు 2015లో వెలువడినవి. అయితే 2019లో ప్రకటించిన మలావీ పరీక్షలో సంగతి తారుమారైనది: అక్కడి ప్రాణవాయువు చికిత్సలో నూటికి 11 మంది, సీపాప్‌లో 17 మంది చనిపోయిరి. ఆ పిల్లలలో పలువురు ఇతర వ్యాధులతోను, పోషణలోపముతోను కృశించినవారు. పైగా ఢాకాలో వైద్యులు ప్రక్కనే ఉండిరి, మలావీలో ప్రతిదినము వైద్యుని పర్యవేక్షణ లేదు. కడుపు గాలితో ఉబ్బుట, పాలు ఊపిరితిత్తులలోనికి జారుట వంటి ప్రమాదములను కనిపెట్టువారు లేనిచోట సీసా మాత్రమే ఏమి చేయగలదు?

సీపాప్ చాలనిచో వెంటిలేటరు అవసరమగును. సూక్ష్మజీవులను చంపుటకు ఆంటిబయోటిక్కులు ఎట్లును ఉండవలసినవే. నాళము ద్వారా ఎక్కించు ద్రవము ఎక్కువైనను ఊపిరితిత్తులు తడిసి ఆయాసము పెరుగును.

పల్లెనుండి విజయవాడ పెద్దాసుపత్రికి తరలించు గంటలు ఈ చికిత్సలో భాగమే. వ్రేలికి తొడుగు ఆక్సిమీటరులో అంకె 90 కంటె తగ్గినచో బయలుదేరక ముందే ప్రాణవాయువు ప్రారంభించి, దారి పొడవునా ఇవ్వవలెను. రొప్పుచున్న బిడ్డ నోట పాలు పోయరాదు. వాతలు పెట్టుట వలన ఊపిరి తెరపి కాదు, ఆలస్యము మాత్రము అగును.